తెల్లదోమ ఎదుట మాట: పలివెల కొబ్బరి రైతుల సభలో వక్త పని

కొబ్బరి మట్టల అడుగున తెల్లని చుట్టలు, వాటి కింది ఆకులపై నల్లని మసి కనిపించిన నాడు రైతుతో ఇద్దరు మాట్లాడతారు. ఒకరు పురుగుమందుల దుకాణదారు, మరొకరు విస్తరణ అధికారి. దుకాణదారు చేతిలో సీసా ఉంటుంది. దానిపై బొమ్మ, మోతాదు, ధర ఉంటాయి. "రేపే కొట్టించండి" అన్న స్పష్టమైన ఆజ్ఞ కూడా ఉంటుంది. విస్తరణ అధికారి వద్ద ఉన్నది "రసాయనం కొట్టవద్దు, మిత్ర పురుగును పని చేసుకోనివ్వండి" అనే మాట మాత్రమే. ఏ సరకునైనా అమ్మవచ్చును గాని, చేతులు ముడుచుకొని కూర్చోమనే సలహాను అమ్మడం బహు కష్టం. విస్తరణ విద్యలో ప్రసంగ నైపుణ్యానికి నిజమైన పరీక్ష ఇక్కడే ఎదురవుతుంది.

కొత్తపేటకు చేరువలోని పలివెలను ఉదాహరణగా తీసుకుంటే ఈ పరీక్ష ఎంత కఠినమో తెలుస్తుంది. కోనసీమ గ్రామాలన్నింటిలోవలెనే ఇక్కడా వరి, కొబ్బరి, అరటి ప్రధాన జీవనాధారాలు. సర్పిలాకార తెల్లదోమ (అల్యూరోడికస్ రుగియోపర్క్యులేటస్) ఈ దేశపు పురుగు కాదు. మధ్య అమెరికా ప్రాంతపు ఈ కీటకం 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో మన దేశంలో తొలిసారి నమోదై, అనతికాలంలోనే గోదావరి జిల్లాల తోటలకు చేరింది. అది చెట్టును చంపదు. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. అది విసర్జించే తేనెవంటి జిగురుపై మసి బూజు పెరిగి, కింది మట్టలూ తోటలోని అంతర పంటలూ నల్లబడతాయి. అరటిని కూడా ఆశిస్తుంది. చలికాలం చివరి నుండి వేసవి వరకు ఉద్ధృతమై, వానలు పడ్డాక తగ్గుతుంది. శాస్త్రవేత్తకు ఇది నిర్వహించదగిన సమస్య. రైతు కంటికి మాత్రం ఉన్నట్టుండి తోటంతా బొగ్గుపూత పూసినట్టుంటుంది. నల్లబడిన తోటను చూసి భయపడిన మనిషితో "కంగారు పడకండి" అనడం వల్ల వక్తపై నమ్మకం తగ్గడమే గాని భయం తగ్గదు.

కాబట్టి ప్రసంగం భయాన్ని ఒప్పుకోవడంతో మొదలు కావాలి. చాలా సభల్లో ఇది జరగదు. వేదిక మీది పెద్దల పేర్లకు, సంస్థ పరిచయానికి, పురుగు జన్మవృత్తాంతానికి అరగంట గడిచిపోతుంది. వెనుక వరుస రైతు అప్పటికే లేచి టీ కొట్టు దగ్గర నిలబడి ఉంటాడు. ఆ రైతు అడగదలచిన ప్రశ్న ఒక్కటే: "కొట్టొద్దంటారు, సరేనండీ. మరి కాపు పోతే ఎవరిస్తారండీ?" ఈ ప్రశ్నను వక్తే తన నోట ముందుగా పలికి, దానికి సమాధానంగానే మిగిలిన ప్రసంగమంతా నడపగలిగితే సభ కదలకుండా కూర్చుంటుంది.

బుర్రకథలో ఈ సూత్రం ఏనాటి నుండో ఉన్నది. కథకునికి ఇరువైపులా ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం పండిస్తే, మరొకరు నడుస్తున్న రాజకీయాన్ని, లోకం తీరును కథలోకి లాగుతారు. శ్రోత మనసులోని సందేహాన్ని వంత అడుగుతాడు, కథకుడు తీరుస్తాడు. అక్షరం రానివారిని సైతం తెల్లవార్లూ కూర్చోబెట్టిన కళ ఇది. విస్తరణ సభలో వంత పాత్రకు అదే ఊరి రైతును మించినవారు లేరు. ముందుగా నేర్పిన ప్రశ్నలు అతని చేత అడిగించడం తగదు. శ్రోతలు దానిని ఇట్టే పసిగడతారు. నిజంగా అనుమానం ఉన్న రైతునే ముందు వరుసలో కూర్చోబెట్టి, అతనికి నచ్చజెప్పడమే సభగా మార్చుకోవాలి.

కంటికి చూపిన మాట

పలివెలలోని ఉమా కొప్పేశ్వరస్వామి ఆలయ స్థలపురాణం ఈ సందర్భంలో గుర్తుకు రాకమానదు. స్వామికి కేశాలున్నాయని అర్చకుడు చెప్పిన మాటతో రాజు తృప్తి పడలేదు. కళ్ళారా చూపమన్నాడు. భక్తుని మాట నిలబెట్టడానికి లింగంపై కొప్పు వెలిసిందని కథ. నిదర్శనం అడగడం అపచారమని తలచని ఊరు అది. అటువంటి ఊరిలో పటాలూ గణాంకాలూ తెరపై వేసి చూపితే చాలునని వక్త భావించరాదు.

ఇక్కడ చూపదగినది ఒక మట్ట, పది రెట్లు పెద్దదిగా చూపే ఒక భూతద్దం. తెల్లదోమ పిల్ల పురుగులలో తన గుడ్లను పెట్టే ఎన్‌కార్సియా గ్వాడలూపే అనే అతిసూక్ష్మమైన కందిరీగ మన తోటల్లో స్థిరపడి ఉన్నది. అది ఆశించిన పిల్ల పురుగులు నల్లగా మారతాయి. ఇంకా స్పష్టమైన ఆనవాలు మరొకటి ఉన్నది. కోశం నుండి తెల్లదోమ బయటికి వచ్చినప్పుడు ఆంగ్ల 'టి' అక్షరంవంటి చీలిక మిగులుతుంది. కందిరీగ బయటికి వస్తే గుండ్రని రంధ్రం మిగులుతుంది. ఈ రెండు గుర్తులు తెలిస్తే తోటలో ఎవరు గెలుస్తున్నారో రైతు తానే లెక్కించగలడు.

ఆ లెక్క వక్త చేయకూడదు. రైతు చేతికి భూతద్దం ఇచ్చి, తన తోట నుండే తెచ్చుకున్న మట్టలో ఒక రెబ్బపై గుండ్రని రంధ్రాలెన్ని, చీలికలెన్ని అని పైకి లెక్కపెట్టమనాలి. పక్కన కూర్చున్నవారు మెడలు చాస్తారు. ఇంకొకరు తన మట్ట తెస్తారు. రెండు తోటల అంకెలు వేరుగా వస్తే తేడా ఎందుకు వచ్చిందని వాదన పుడుతుంది. మొన్ననే మందు కొట్టించిన తోట మట్ట కూడా ఆ వరుసలో ఉంటే వక్త పని మరీ తేలిక. రసాయన మందు తెల్లదోమతో పాటు కందిరీగను కూడా చంపుతుందనే విషయం అప్పుడు ఒకరు చెప్పి మరొకరు వినవలసిన సంగతిగా మిగలదు. ఆ వాదన సాగుతున్నంత సేపూ వక్త మౌనంగా ఉండగలగాలి. ఆచార్యులకు ఇది అంత సులువైన విద్య కాదు.

ఎవరి వల్ల తెలిసింది, ఎవరిని చూసి నమ్మారు

అమ్మేవారి మాటకూ ఇరుగుపొరుగు మాటకూ గల బలాబలాలపై ప్రసిద్ధమైన అధ్యయనం కొబ్బరిపై గాక మొక్కజొన్నపై జరిగింది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో సంకర మొక్కజొన్న విత్తనం ఎలా వ్యాపించిందో బ్రైస్ రయాన్, నీల్ గ్రాస్ పరిశీలించి 1943లో ఫలితాలు ప్రకటించారు. రెండు గ్రామ సమాజాలలోని 259 మంది రైతులలో ఇద్దరు తప్ప అందరూ ఆ విత్తనాన్ని చివరికి స్వీకరించారు. విత్తనం సంగతి మొదట ఎవరి వల్ల తెలిసిందంటే ఎక్కువ మంది విత్తన కంపెనీ అమ్మకందారు పేరు చెప్పారు. కొనడానికి ఎవరి మాట పనిచేసిందంటే ఎక్కువ మంది పొరుగు రైతు పేరు చెప్పారు. విన్న నాటికీ, వేసిన నాటికీ మధ్య సంవత్సరాలు గడిచాయి.

ఇందులో విస్తరణ వక్తకు నచ్చని సంగతి ఒకటున్నది. సభలో తన స్థానం అమ్మకందారు స్థానమే. ఆయన వార్త చేరవేయగలరు, నమ్మకం కలిగించవలసింది పక్క గట్టు రైతు. మారుటేరు పరిశోధనా స్థానం నుండి 1982లో విడుదలైన స్వర్ణ (ఎం.టి.యు. 7029) వరి రకం తూర్పు భారతమంతటా పాకడంలో ఉపన్యాసాల పాత్ర ఎంత, ఒక రైతు ఇంటి నుండి మరొక రైతు ఇంటికి చేతులు మారిన విత్తనం పాత్ర ఎంత అని ఆలోచిస్తే ఇదే అర్థమవుతుంది. కనుక పలివెల సభ ముగిసేసరికి వక్త సాధించవలసింది వందమంది అంగీకారం కాదు. ఈ ఏడు మందు కొట్టకుండా ఆగి, తన తోటను పదిమందికి చూపడానికి ఒప్పుకునే ఇద్దరు ముగ్గురు రైతులు దొరికితే చాలును. వారిలో ఒక్కరైనా కౌలు రైతు కావడం అవసరం. ఉపాధి కోసం హైదరాబాదుకో గల్ఫ్ దేశాలకో వెళ్ళినవారి తోటలను చూసుకునే మనుషులు ఈ సభల్లో ఎందరో ఉంటారు. "మా కామందు గారిని అడగాలండీ" అనే శ్రోతకు చెప్పవలసిన మాట వేరు. ఫోనులో యజమానికి తిరిగి చెప్పగలిగేటంత చిన్న వాక్యం అతనికి కావాలి.

భాష విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పరిశోధనా వ్యాసంలో హెక్టారుకు క్వింటాళ్ళు సరిపోతాయి. సభలో ఎకరానికి బస్తాలు, చెట్టుకు కాయలు, దింపుకు గెలలు అని చెప్పాలి. వరిపొలం కుంచాల్లో లెక్కపెట్టుకునే పెద్దలు ఇంకా ఉన్నారు. 'పరాన్నజీవి' అనే పదం పలికిన క్షణాన సగం సభ అది మరొక పురుగని అనుకుంటుంది. "దోమ పిల్లలో గుడ్డు పెట్టే చిన్న కందిరీగ" అంటే ఎవరికీ సందేహం రాదు.

లోపం దాచని మాట

దుకాణదారు తన సీసా లోపం చెప్పడు. ఆ లోటునే విస్తరణ వక్త తన బలంగా మార్చుకోవాలి. జీవ నియంత్రణకు పరిమితులున్నాయి. మసి వెంటనే పోదు. ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే మిత్ర శిలీంధ్రాన్ని లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున కలిపి ఆకు అడుగు తడిసేలా, గాలిలో తేమ ఉన్న రోజుల్లో, సాయంకాలం వేళ పిచికారీ చేస్తేనే ఫలితం. మిట్టమధ్యాహ్నపు ఎండలో చేస్తే డబ్బు వృథా. ఎత్తైన ముసలి చెట్లకు మామూలు పంపు అందదు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఈ శిలీంధ్రాన్ని, తెల్లదోమను తినే డైకోక్రైసా పురుగు గుడ్లను తయారు చేసి రైతులకు అందిస్తున్నది. అయితే అందరికీ ఒకేసారి కావలసి వచ్చినప్పుడు కొంత ఎదురుచూపు తప్పకపోవచ్చు. ఇవన్నీ అడగకముందే చెప్పిన వక్త మాటకు బరువు వస్తుంది. అడిగిన తరువాత ఒప్పుకుంటే అవే సంగతులు సాకులుగా వినిపిస్తాయి.

ధర ప్రశ్న కూడా అటువంటిదే. గిట్టుబాటు కాక 2011 ఖరీఫులో వరి వేయకుండా పంట విరామం ప్రకటించిన కోనసీమ ఇది. ఇక్కడి సభలో దిగుబడి గురించి ఎంతసేపు మాట్లాడినా, చివర లేచే మొదటి గొంతు ధరనే అడుగుతుంది. "అది నా శాఖ కాదు" అని తప్పించుకున్న వక్త తెల్లదోమ గురించి చెప్పినది కూడా రైతు ఆ గట్టు మీదే వదిలి వెళతాడు.

ధర మాట వచ్చినప్పుడు వక్త చేయగలిగిన మేలు ఒకటుంది. సభలోని రైతులే రేపు వ్యాపారి ఎదుట వక్తలుగా నిలవాలి గనుక, దానికి కావలసిన అంకెలు వారి నోటికి అందించవచ్చు. అంబాజీపేట మార్కెట్టులో బేరం వెయ్యి కాయల లెక్కన సాగుతుంది. "మా కాయ మంచిదండీ" అన్న మాటకు అక్కడ విలువ లేదు. ప్రతి తోట కాయా మంచిదే. కాయకు ఎంత ఎండు కొబ్బరి దిగుతుందో తూచి చూసుకున్న రైతు వేరుగా మాట్లాడతాడు. కాయకు 125 గ్రాములు దిగుతుందనుకుంటే వెయ్యి కాయలకు 125 కిలోలు. 2025 సీజనుకు నూనె తీసే కొబ్బరికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 11,582 రూపాయలు. ఆ లెక్కన వెయ్యి కాయల కొబ్బరి విలువ 14,477 రూపాయల పైచిలుకు. ఇందులో నుండి వలుపు కూలి, ఎండబెట్టే ఖర్చు తీసివేసి, చిప్ప, పీచు మీద వచ్చే రాబడి కలిపితే పచ్చి కాయను ఎంతకు ఇవ్వవచ్చో, ఎంతకు ఇవ్వరాదో తేలుతుంది. బహిరంగ మార్కెట్టు ధర మద్దతు ధరకు పైన ఉన్న రోజుల్లో ఆనాటి ధరతో ఇదే లెక్క వేసుకోవాలి. ఉత్పత్తిదారుల సంఘం తరఫున కొనుగోలుదారుతో మాట్లాడే రైతు తేమ శాతం కూడా చెప్పగలగాలి. నూనె కొబ్బరిలో తేమ 6 శాతం మించితే నాణ్యత ప్రమాణానికి నిలవదు.

ఈ లెక్కను సభలో వక్త నల్లబల్ల మీద వేయడం కన్న, ఒక రైతు తన కాయను కొట్టి, ఎండబెట్టి, తూచి తెచ్చిన బరువుతో వేయించడం మేలు. కాయ ఎండడానికి రోజులు పడుతుంది కనుక ఆ పని మొదటి సభలో అప్పగించి, రెండవ సభలో పూర్తి చేయాలి. తెల్లదోమ గుడ్డు దశ నుండి పెద్ద పురుగు కావడానికి సుమారు నెల పడుతుంది. రెండవ సభ ఆ నెల తిరిగే నాటికి, అదే చోట, అదే వేళకు జరగాలి. మందు కొట్టకుండా ఆగిన ఇద్దరు ముగ్గురూ తమ తమ మట్టలతో వస్తారు. భూతద్దం మళ్ళీ చేతులు మారుతుంది. ఈసారి గుండ్రని రంధ్రాల సంఖ్య ముందు చెప్పవలసింది ఆ రైతులే.