హాస్టల్‌కు చుట్టమొచ్చిన రాత్రి

గంటసేపు మాట్లాడి కారెక్కి వెళ్లిపోయే వక్త వేరు. పిల్లల పక్కన కూర్చుని భోంచేసి, ఆ రాత్రికి అక్కడే ఉండిపోయే అతిథి వేరు. ఆ తేడా ఎంతటిదో మదనపల్లె నూరేళ్ల కిందటే చూసింది.

1919 ఫిబ్రవరి. దక్షిణాదిలో ఊరూరా ఉపన్యాసాలిచ్చి అలసిపోయిన రవీంద్రనాథ్ టాగోర్ కాస్త ఊపిరి తీసుకుందామని మదనపల్లె చేరారు. అనీబిసెంట్ చొరవతో 1915లో మొదలైన థియోసాఫికల్ కళాశాల ఆయనకు ఆతిథ్యమిచ్చింది. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐరిష్ కవి. రాత్రి భోజనాలయ్యాక విద్యార్థులు, అధ్యాపకులు ఒకచోట చేరి పాడుకోవడం అక్కడి అలవాటు. ఆ కూటమిలో టాగోర్ కూడా వచ్చి కూర్చున్నారు. ఒక పాట పాడమని అడిగితే, తాను రాసిన బెంగాలీ గీతం ఎత్తుకున్నారు. పిల్లలు గొంతు కలిపారు. ఆ పాట ‘జనగణమన’.

అది 1911 డిసెంబరులోనే కలకత్తా కాంగ్రెస్ సభలో వినిపించింది. కానీ దాన్ని ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ పేరుతో టాగోర్ తన చేత్తో ఇంగ్లిష్‌లోకి తెచ్చింది మదనపల్లెలో ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే. కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతంలో పట్టభద్రురాలు. ఆమె ఆ బాణీకి స్వరలిపి రాశారు. 1950 జనవరి 24న అదే గీతం జాతీయగీతమైంది.

ఆ రాత్రి పాటకు ముందుగా వేసుకున్న కార్యక్రమమంటూ ఏదీ లేదు. అతిథి అక్కడ ఉన్నారు, పాడమన్నారు, ఆయన పాడారు. అంతే.

సాయంత్రం తర్వాతే అసలు పాఠం

ఇంటికి చుట్టం వస్తే పిల్లలకు పండగే. కొత్త ఊరి కబుర్లు, కొత్త మాట తీరు, అరుగు మీద అర్ధరాత్రి దాకా ముచ్చట్లు. హాస్టల్ పిల్లలకు ఆ అదృష్టం లేదు. ఏళ్ల తరబడి అవే గదులు, అదే మెస్, అవే ముఖాలు, పరీక్షల దిగులు. అలాంటి చోటుకు వచ్చే వక్తే వాళ్లకు చుట్టం.

మామూలు కాలేజీలో చివరి గంట కొట్టగానే అందరూ బస్సుల వెంట పరుగెడతారు. ఉపన్యాసం మీద చర్చ అక్కడితో ఆగిపోతుంది. వసతి కళాశాలకు రాత్రి మిగిలి ఉంటుంది. పొద్దున విన్న మాట మెస్ బల్ల దగ్గర వాదనవుతుంది, గదిలో పడుకున్నాక ప్రశ్నవుతుంది. మర్నాడు పొద్దున అతిథి ఇంకా అక్కడే ఉంటే, సభలో చెయ్యెత్తడానికి జంకిన కుర్రాడు కూడా టీ గ్లాసుతో ఆయన దగ్గరకు వెళ్లి అడుగుతాడు.

ఇలా అతిథుల్ని పిలిచి వినడం మనకు తెలియని విద్యేమీ కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 వరకు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపకులపతిగా ఉన్నారు. 1933 డిసెంబరులో అక్కడి విద్యార్థులు టాగోర్ ప్రసంగాలు విన్నది ఆ కాలంలోనే. మనిషి అంటే ఎవరన్నదే వాటి విషయం. ఆ ఉపన్యాసాలను ‘మ్యాన్’ పేరుతో విశ్వవిద్యాలయమే 1937లో పుస్తకంగా తెచ్చింది. ఆ ప్రసంగాలు ఉద్యోగం ఎలా సంపాదించాలో చెప్పడానికి పెట్టినవి కావు.

పదహారేళ్ల పిల్లల ముందు ఎవరు?

ఈ చుట్టం అవసరం ఈరోజు మరీ ఎక్కువగా ఉన్నది ట్రిపుల్ ఐటీల్లో. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన ఈ విద్యాసంస్థల్లోకి పల్లెటూరి సర్కారు బడి పిల్లలు పదో తరగతి కాగానే వస్తారు. ఆరేళ్లు అక్కడే ఉంటారు. అమ్మానాన్నల్ని వదిలొచ్చిన ఆ వయసులో పిల్లలు తాము ఏమవగలరో ఊహించుకుంటారు. ఎదురుగా ఎవరు కనిపిస్తే ఆ ఊహ అంతవరకే వెళ్తుంది. కంపెనీల వాళ్లు మాత్రమే వస్తే, ప్రపంచమంతా జీతమే అనిపిస్తుంది. జిల్లా ఆసుపత్రి నర్సు, పాత వంగడం కాపాడిన రైతు, మగ్గం నేత తెలిసిన పెద్దమ్మ, కథలు రాసే మాస్టారు, అదే హాస్టల్లో చదివి వెళ్లిన అక్క కూడా రావాలి.

వచ్చినవారిని మనం ఎలా చూసుకుంటున్నాం? దీపప్రజ్వలన, పరిచయం, శాలువా, జ్ఞాపిక, వందన సమర్పణ. వీటి మధ్య నలిగి, మాటకు మిగిలేది అరగంట. ప్రశ్నలకు సమయమే ఉండదు. గౌరవం శాలువాలో లేదు, శ్రద్ధగా అడిగిన ప్రశ్నలో ఉంది. ఉన్న సమయంలో సగం ప్రశ్నలకే వదలాలి. తెలుగులో అడిగితే చిన్నచూపు ఉండకూడదు. స్టేషన్‌కు ఎదురెళ్లి తీసుకురావడం, పరిచయం చేయడం, సాగనంపడం అన్నీ పిల్లలకే అప్పగించాలి. ఆతిథ్యం ఇవ్వడం నేర్చుకోవడమూ చదువే.

ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. ఓ మంచం, ఓ కంచం. వార్డెన్లూ, ప్రిన్సిపాళ్లూ, ఈసారి వక్తకు రాసే ఆహ్వానంలో ఒక్క వాక్యం చేర్చండి: ‘రాత్రి భోజనం మా పిల్లలతోనే.’