కొండగోగు బంక.. ఉత్ప్రేరకాలకు ఊతం

* లోహ నానో కణాల తయారీలో విష రసాయనాలకు ప్రత్యామ్నాయం
* హైదరాబాద్ ప్రయోగశాలల్లో ఫలించిన పరిశోధన
* పరిశ్రమ గడప తొక్కాలంటే దాటాల్సిన అవరోధాలెన్నో

శేరిలింగంపల్లి: సైబరాబాద్ అనగానే 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్, దాని చుట్టూ వెలసిన అద్దాల మేడలు కళ్లముందు మెదులుతాయి. హైటెక్ సిటీ దాటి ఉత్తర, వాయవ్య దిక్కులకు సాగితే బొల్లారం, ఖాజీపల్లి, పటాన్‌చెరు పారిశ్రామికవాడలు ఎదురవుతాయి. దేశవిదేశాలకు చేరే ఔషధాల ముడి సరుకు ఇక్కడే తయారవుతుంది. ఆ తయారీలో మిగిలిన వ్యర్థాలు దశాబ్దాల పాటు నక్కవాగు మీదుగా మంజీరాను చేరాయి. కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కర్మాగారం నుంచి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్లు 2007లో స్వీడన్ శాస్త్రవేత్తల అధ్యయనం వెల్లడించింది.

వ్యర్థాన్ని పుట్టిన తర్వాత శుద్ధి చేయడం ఒక మార్గం. అసలు పుట్టకుండా చూడటం రెండో మార్గం. ఈ రెండో మార్గానికే హరిత రసాయన శాస్త్రమని పేరు. అమెరికా శాస్త్రవేత్తలు పాల్ అనస్టస్, జాన్ వార్నర్ 1998లో దీనికి 12 సూత్రాలను నిర్దేశించారు. మన అడవుల్లో దొరికే చెట్టు బంకకు ఈ శాస్త్రంలో చోటు దక్కడం విశేషం.

ఉత్ప్రేరకం చేసే మేలేమిటి?

రసాయన చర్యను వేగవంతం చేసి, చివరకు తాను ఖర్చు కాకుండా మిగిలే పదార్థమే ఉత్ప్రేరకం. పాలను పెరుగు చేసే తోడు వంటిదని స్థూలంగా చెప్పుకోవచ్చు. సరైన ఉత్ప్రేరకం ఉంటే తక్కువ వేడితో, తక్కువ ద్రావకంతో పని పూర్తవుతుంది. అనవసరమైన ఉప పదార్థాలూ తగ్గుతాయి. ఔషధ రంగానికి ఇది కీలకం. కిలో ఉత్పత్తికి 25 నుంచి 100 కిలోలకు పైగా వ్యర్థం మిగులుతుందని రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ 1992లోనే లెక్కగట్టారు.

ఉత్ప్రేరకాల్లో పల్లాడియం లోహానిది ప్రత్యేక స్థానం. రెండు కర్బన అణువులను అతికించడంలో దీనికి దీటైనవి తక్కువ. ఈ విద్యను తీర్చిదిద్దినందుకు రిచర్డ్ హెక్, ఐచి నెగిషి, అకిరా సుజుకీలకు 2010లో నోబెల్ బహుమతి లభించింది. రక్తపోటుకు వాడే లోసార్టాన్ తయారీలో సుజుకీ పద్ధతి ఉపయోగపడింది.

నానో కణాలే ఎందుకు?

చర్య జరిగేది లోహం ఉపరితలం మీదనే. లోపలి లోహం వృథా. ఒక సెంటీమీటరు భుజం గల లోహపు ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు మాత్రమే. అదే ఘనాన్ని 10 నానోమీటర్ల ముక్కలుగా చేస్తే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లకు, అంటే సుమారు 700 చదరపు గజాలకు పెరుగుతుంది. నానోమీటరంటే మీటరులో వందకోట్లవ వంతు. కొద్దిపాటి ఖరీదైన లోహంతో ఎక్కువ పని జరగడంలోని రహస్యమిదే.

ఈ రంగంలో హైదరాబాద్‌కు పాత అనుభవముంది. తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం తదితరులు ద్వంద్వ హైడ్రాక్సైడ్ పొరలపై నానో పల్లాడియంను నిలిపి, హెక్, సుజుకీ తరహా చర్యలకు వాడవచ్చని 2002లో నిరూపించారు.

బంకతో పని ఏమిటి?

నానో కణాల తయారీలో రెండు చిక్కులున్నాయి. లోహ లవణానికి ఎలక్ట్రాన్లను అందించి లోహంగా మార్చాలి. దీన్నే క్షయకరణం అంటారు. ఆపై ఆ కణాలు ఒకదానికొకటి అంటుకొని ముద్ద కాకుండా కాపాడాలి. మొదటి పనికి హైడ్రజీన్ వంటి విష రసాయనాలను, రెండో పనికి కృత్రిమ పాలిమర్లను వాడటం పరిపాటి.

చెట్టు బంక ఈ రెండు పనులనూ తానే చేస్తుంది. చక్కెర అణువుల పొడవాటి గొలుసులే బంక. వాటిలోని రసాయన సమూహాలు లోహ లవణానికి ఎలక్ట్రాన్లనిస్తాయి. ఆ గొలుసులే పుట్టిన కణం చుట్టూ తొడుగులా అల్లుకొని ముద్ద కాకుండా అడ్డుకుంటాయి.

వేసవి ముందు ఆకులు రాల్చి, పసుపుపచ్చని పెద్ద పూలతో కనిపించే కొండగోగు చెట్టు మన అడవుల్లో సుపరిచితమే. ఉస్మానియా విశ్వవిద్యాలయం జీవరసాయన శాస్త్ర విభాగానికి చెందిన ఆర్.బి. శశిధర్ బృందం ఈ బంక గుణాలను విశ్లేషించి 1998లో ప్రచురించింది. తర్వాత భాభా అణు పరిశోధన కేంద్రానికి అనుబంధంగా ఈసీఐఎల్ ప్రాంతంలో ఉన్న పదార్థాల విశ్లేషణ కేంద్రం శాస్త్రవేత్తలు అరుణ జ్యోతి కోర, జె. అరుణాచలం, శశిధర్‌తో కలిసి ఈ బంకతో వెండి నానో కణాలను తయారుచేశారు. ఆ పరిశోధన 2010లో వెలువడింది. ఇదే బంకతో పల్లాడియం ఉత్ప్రేరకం తయారీ వివరాలు 2015లో ప్రచురితమయ్యాయి.

విధానం సులభం. బంక పొడిని నీటిలో నానబెట్టి, వడకట్టి, లోహ లవణం కలుపుతారు. ప్రెషర్ కుక్కర్ సూత్రంతోనే పనిచేసే ఆటోక్లేవ్‌లో వేడిచేస్తారు. ద్రావణం రంగు మారితే కణాలు ఏర్పడినట్లే. ఇందులో వాడే ద్రావకం నీరే.

పరీక్ష ఎలా?

ఉత్ప్రేరకం సత్తా తేల్చేందుకు 4-నైట్రోఫినాల్ అనే కాలుష్యకారకాన్ని తీసుకుంటారు. సోడియం బోరోహైడ్రైడ్ కలిపితే ద్రావణం చిక్కని పసుపు రంగులోకి వస్తుంది. ఉత్ప్రేరకం లేకుంటే ఆ రంగు అలాగే నిలిచిపోతుంది. చిటికెడు నానో పల్లాడియం చేరితే కొద్దిసేపటికే రంగు పోతుంది. ఏర్పడిన 4-అమైనోఫినాల్ నుంచి పారాసెటమాల్ తయారవుతుంది. కాలుష్యకారకమే మందుకు ముడి సరుకుగా మారిందన్నమాట.

ఇంకా దాటాల్సిన మెట్లు

అయితే ‘హరిత’ అన్న పేరు చూసి అంతా నిరపాయమని భావించడం తొందరపాటే. పరీక్షలో వాడే సోడియం బోరోహైడ్రైడ్ హరిత పదార్థం కాదు. దాన్ని అవసరానికి ఎన్నో రెట్లు అధికంగా కలుపుతారు. కణాన్ని పుట్టించడం హరితమైనా, దానితో జరిపే చర్య కాకపోవచ్చు. ఈ తేడా గుర్తించకుంటే లెక్క తప్పుతుంది.

బంక గుణం చెట్టును బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. కర్మాగారానికి ప్రతిసారీ ఒకే పరిమాణపు కణాలు కావాలి. వాడిన ఉత్ప్రేరకాన్ని వెనక్కి రాబట్టి మళ్లీ వాడలేకపోతే ఖరీదైన లోహం వ్యర్థజలాల పాలవుతుంది. మందులోనూ అది మిగలకూడదు. నోటి ద్వారా తీసుకునే మందుల్లో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు మించరాదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

బంక సేకరించే గిరిజనుల మాటా మరువరాదు. నల్లమల చెంచులు సహా ఎన్నో కుటుంబాలు బంక సేకరించి గిరిజన సహకార సంస్థకు విక్రయిస్తూ వచ్చాయి. ఉత్ప్రేరకాలకు కావాల్సిన బంక స్వల్పమే కనుక దీనివల్ల వారి ఆదాయం ఇబ్బడిముబ్బడి అవుతుందని ఆశపెట్టడం సరికాదు. మరోవైపు లోతుగా గాట్లు పెడితే చెట్టే చచ్చిపోతుంది. చెట్టు ఎండితే ఆ హరితానికి అర్థం లేదు.

గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలుకొని తార్నాక, ఉస్మానియా వరకు రసాయన విద్యలో ఆరితేరిన సంస్థలన్నీ ఒకే నగరంలో ఉన్నాయి. వాటికి కూతవేటు దూరంలోనే ఔషధ పరిశ్రమలున్నాయి. పరీక్షనాళికలో రుజువైన పద్ధతిని కర్మాగారంలోని భారీ రియాక్టర్‌కు చేర్చడమే మిగిలిన పని. పచ్చరంగు పేరులో ఉంటే చాలదు. నక్కవాగు నీటిలో తేడా కనిపించిన నాడే ఈ పరిశోధనకు సార్థకత.