జోస్యాలకు అందని పంచ్‌లు

పెద్ద బాక్సింగ్ పోరు వస్తోందంటే వారాల ముందే జోస్యాలు మొదలవుతాయి. ఎవరు గెలుస్తారు, ఎన్నో రౌండులో, నాకౌటా లేక పాయింట్ల మీదా... మాజీ ఛాంపియన్ల దగ్గర్నుంచి పందెంరాయుళ్ల దాకా అందరూ లెక్కలు కడతారు. విచిత్రమేమిటంటే, ఆ లెక్కలు తప్పిన పోరాటాలనే జనం తరతరాలుగా చెప్పుకుంటున్నారు. అవి ఎందుకు తప్పాయో చూస్తే ఈ ఆట లోతు తెలుస్తుంది.

టోక్యోలో ఆ రోజు

1990 ఫిబ్రవరి 11, టోక్యో డోమ్. మైక్ టైసన్ అప్పటిదాకా 37 సార్లు బరిలోకి దిగి 37 సార్లూ గెలిచాడు. అందులో 33 నాకౌట్లు. ఎదుట బస్టర్ డగ్లస్. ఫలితం ముందే తెలిసిపోయిందన్న ధీమాతో లాస్‌వేగాస్‌లో చాలా కేసినోలు ఎవరు గెలుస్తారన్న పందెమే పెట్టలేదు. మిరేజ్ కేసినో పెట్టింది. అక్కడ డగ్లస్ ధర చివరికి 42కి 1 దాకా వెళ్లింది. అంటే అతని మీద వంద డాలర్లు కాస్తే 4,200 డాలర్ల లాభం. పదో రౌండులో టైసన్ కింద పడి, ఊడిపోయిన మౌత్‌గార్డు కోసం చేత్తో తడుముకుంటూ కనిపించాడు. బాక్సింగ్ చరిత్రలో అతిపెద్ద సంచలనం ఏదంటే ఇప్పటికీ ఎక్కువమంది ఈ పోరాటం పేరే చెబుతారు.

దీన్ని పిడుగుపాటులా చెప్పుకోవడం మాత్రం నాకు ఒప్పుదల కాదు. సంకేతాలు ముందే ఉన్నాయి. టైసన్‌ను తీర్చిదిద్దిన శిక్షకుల్లో ఒకడైన కెవిన్ రూనీకి 1988లోనే ఉద్వాసన పలికారు. టోక్యో పోరుకు ముందు సాధనలో గ్రెగ్ పేజ్ కొట్టిన దెబ్బకు టైసన్ కింద పడ్డాడు. రెండు చేతులూ బార్లా చాచి కొలిచే రీచ్‌లో డగ్లస్‌ది 83 అంగుళాలు, టైసన్‌ది 71. ఈ పన్నెండు అంగుళాల తేడాతో డగ్లస్ ఆ రోజంతా జాబ్ (ముందుచేత్తో సూటిగా కొట్టే పంచ్) విసురుతూ టైసన్‌ను దగ్గరికి రానివ్వలేదు. టైసన్ కన్ను వాచిపోతే, వాపు అణచడానికి వాడే చల్లటి లోహపు బిళ్ల కూడా అతని సహాయకుల దగ్గర లేదు. రబ్బరు తొడుగులో చల్లని నీళ్లు పోసి కంటికి అదిమారు. ఇటు డగ్లస్ తల్లి ఆ పోరుకు 23 రోజుల ముందు చనిపోయింది. అతను వెనక్కి తగ్గకుండా బరిలోకి దిగాడు. ఎనిమిదో రౌండు చివర్లో టైసన్ పంచ్‌కు నేలకూలి కూడా లేచాడు. ఈ చివరి రెండు విషయాలనూ ఏ పందెం ధర కొలవగలదు? ‘లైగర్’ సినిమాలో టైసన్‌ను చూసిన మన కుర్రకారు ఒక్కసారి ఆ పాత పోరాటం కూడా చూడాలి.

ఇంకో ముచ్చట. తొమ్మిది రౌండ్లు ముగిసేసరికి డగ్లస్ ఆధిక్యం కళ్లకు కట్టినట్టు కనిపిస్తున్నా, ముగ్గురు జడ్జీలలో ఒకరు టైసన్ 87-86తో ముందున్నాడని రాశారు. ఇంకొకరు 86-86 సమానమన్నారు. మూడో జడ్జి మాత్రం డగ్లస్‌కు 88-82 ఇచ్చారు.

తన జోస్యం తానే

రౌండు నంబరుతో సహా జోస్యం చెప్పి జనాన్ని హోరెత్తించినవాడు కాసియస్ క్లే, తర్వాతి మహమ్మద్ అలీ. ఆర్చీ మూర్‌ను నాలుగో రౌండులో పడగొడతానన్నాడు. 1962 నవంబరులో సరిగ్గా నాలుగులోనే ముగించాడు. హెన్రీ కూపర్‌కు అయిదో రౌండు అన్నాడు. 1963 జూన్‌లో అదీ నిజమైంది. అయితే అంతకు ముందు రౌండులోనే కూపర్ ఎడమచేతి దెబ్బకు క్లే స్వయంగా కింద పడ్డాడన్నది చాలామందికి గుర్తుండదు. అదే ఏడాది మార్చిలో డగ్ జోన్స్ విషయంలో మొదట ఆరు అన్నాడు, తర్వాత నాలుగుకు మార్చాడు. ఆ పోరు పది రౌండ్లూ సాగి పాయింట్ల మీద తేలింది.

1964 ఫిబ్రవరి 25న మయామీ బీచ్‌లో ఇరవై రెండేళ్ల క్లే, ఛాంపియన్ సోనీ లిస్టన్‌తో తలపడ్డాడు. అడిగిన 46 మంది క్రీడా విలేకరుల్లో 43 మంది లిస్టన్ వైపే మొగ్గారు. బరువు చూసే వేళ క్లే పెట్టిన గోలకు అతని నాడి నిమిషానికి 120 కొట్టుకుందట. మామూలుగా అది 54. పిల్లాడు భయంతో వణికిపోతున్నాడనుకున్నారు. ఏడో రౌండు గంట మోగినా స్టూలు మీది నుంచి లేవనిది మాత్రం లిస్టన్!

అ, ఇ, ఉల తిరకాసు

‘అ’ను ‘ఇ’ ఓడించాడు. ‘ఇ’ని ‘ఉ’ ఓడించాడు. కాబట్టి ‘అ’ మీద ‘ఉ’ గెలుస్తాడు. అందరూ వేసే లెక్క ఇదే. 1974లో అలీకీ జార్జ్ ఫోర్‌మన్‌కూ జరిగిన కిన్షాసా పోరుకు ముందూ ఇదే వేశారు. జో ఫ్రేజియర్ 1971లో, కెన్ నార్టన్ 1973లో అలీని ఓడించారు. ఆ ఇద్దరినీ ఫోర్‌మన్ తలో రెండు రౌండ్లలో చిత్తు చేశాడు. 40 పోరాటాల్లో 40 విజయాలు. అలీకి అప్పటికి 32 ఏళ్లు. అతను ఓడిపోవడమే కాదు, పెద్ద గాయమవుతుందేమోనని సొంత మనుషులే దిగులు పడ్డారు.

అక్టోబరు 30న అలీ తాళ్లకు ఆనుకుని, చేతులతో మొహాన్నీ పక్కటెముకలనూ కాచుకుంటూ ఫోర్‌మన్ చేత కొట్టించుకున్నాడు. కొట్టీ కొట్టీ ఫోర్‌మన్ చేతులు అలసిపోయాయి. ఎనిమిదో రౌండులో అలీ అతన్ని పడగొట్టాడు. ఫ్రేజియర్, నార్టన్ ముందుకు దూసుకొచ్చే రకం. అలాంటివాళ్లు ఫోర్‌మన్ పిడికిలికి ఎదురెళ్లి మరీ దొరికిపోయారు. అలీది ఆ తరహా కాదు. గెలుపోటముల పట్టిక కన్నా ఎవరి శైలి ఎవరికి కొరుకుడు పడదన్నదే ముఖ్యమని పాత శిక్షకులు ఊరికే చెప్పరు.

ఆ ఫోర్‌మనే ఇరవై ఏళ్ల తర్వాత, 1994 నవంబరు 5న, 45 ఏళ్ల వయసులో మైకేల్ మూరర్‌ను పదో రౌండులో నాకౌట్ చేసి మళ్లీ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. అప్పటికి ముగ్గురు జడ్జీల కార్డుల్లోనూ అతను వెనకబడే ఉన్నాడు.

గాలి కూడా ఆడుతుంది

2001 ఏప్రిల్‌లో ఛాంపియన్ లెనాక్స్ లూయిస్, హసీమ్ రహ్మాన్ దక్షిణాఫ్రికాలో తలపడ్డారు. వేదిక జొహానెస్‌బర్గ్ దగ్గరి బ్రాక్‌పాన్. సముద్రమట్టానికి అయిదు వేల అడుగులకు పైన ఉన్న ప్రాంతం. పల్చటి గాలికి ఊపిరితిత్తులు అలవాటు పడాలని రహ్మాన్ వారాల ముందే వచ్చేశాడు. ‘ఓషన్స్ ఎలెవన్’ సినిమాలో చిన్న వేషం వేసిన లూయిస్ ఆలస్యంగా వచ్చాడు. అయిదో రౌండులో రహ్మాన్ కొట్టిన ఒక్క కుడిచేతి దెబ్బకు ఛాంపియన్ మారిపోయాడు. ఆ నవంబరులో లూయిస్ బుద్ధిగా సాధన చేసి వచ్చి నాలుగో రౌండులోనే బాకీ తీర్చుకున్నాడు. మనుషులు వాళ్లే, ఫలితమే తారుమారు!

ఇలాంటి తారుమారే ఇంకొకటి. 2019 జూన్ 1న న్యూయార్క్‌లో ఆంథొనీ జాషువాతో తలపడాల్సిన జారెల్ మిల్లర్ డోపింగ్ పరీక్షల్లో దొరికిపోయాడు. అతని బదులు దిగిన ఆండీ రూయిజ్ బొద్దు ఒళ్లు చూసి జనం నవ్వారు. రూయిజ్ ఏడో రౌండులో పోరు ముగించాడు. డిసెంబరులో సౌదీ అరేబియాలో మళ్లీ కలిసినప్పుడు రూయిజ్ బరువు సుమారు 129 కిలోలు. మొదటిసారి కన్నా ఏడు కిలోలు ఎక్కువ. జాషువా మాత్రం బరువు తగ్గించుకుని వచ్చి పన్నెండు రౌండ్లూ చురుగ్గా కదిలి గెలిచాడు. ఆ రెండో పోరు జవాబు తూకం రోజే కనిపించిందని నా అభిప్రాయం.

పందెం ధర జోస్యం కాదు

ఇది చాలామంది పొరబడే చోటు. ధర చెప్పేది డబ్బు ఎటు పారుతోందో మాత్రమే. 2017 ఆగస్టులో 49 విజయాల ఫ్లాయిడ్ మేవెదర్‌తో కానర్ మెక్‌గ్రెగర్ తలపడ్డాడు. మెక్‌గ్రెగర్‌కు అది వృత్తి బాక్సింగ్‌లో మొట్టమొదటి పోరాటం. అయినా అభిమానులు అతని మీద ఎగబడి కాయడంతో ఇద్దరి ధరల మధ్య తేడా వారం వారం తగ్గుతూ వచ్చింది. అతని నైపుణ్యం పెరిగి కాదు, అభిమానం పెరిగి! పదో రౌండులో రిఫరీ ఆపేశాడు. మేవెదర్ లెక్క 50కి చేరింది.

నాలుగో కన్ను

నాకౌట్ లేకపోతే ఫలితం ముగ్గురు జడ్జీల చేతిలో ఉంటుంది. రౌండు గెలిచినవాడికి 10, రెండోవాడికి సాధారణంగా 9, కింద పడితే ఇంకా తక్కువ. 1999 మార్చిలో లూయిస్ 348 పంచ్‌లు తగిలించాడు, ఎవాండర్ హోలీఫీల్డ్ 130. జడ్జీలు డ్రా అన్నారు! 2012లో మానీ పకియావో మీద టిమొతీ బ్రాడ్లీ గెలిచాడని తీర్పు వస్తే, తర్వాత అయిదుగురు జడ్జీలు వీడియో చూసి అయిదుగురూ పకియావోకే ఓటేశారు. తీర్పు మాత్రం మారలేదు. 2024 డిసెంబరు 21న రియాద్‌లో హెవీవెయిట్ బాక్సర్లు ఉసిక్, ఫ్యూరీల రెండో పోరుకు కృత్రిమ మేధనూ అనధికార జడ్జిగా కూర్చోబెట్టారు. ముగ్గురు మనుషులూ ఉసిక్‌కు 116-112 ఇస్తే అది 118-112 ఇచ్చింది.

జడ్జీల సంగతి అటుంచితే, అంచనాలు తారుమారు కావడం మన దేశంలోనూ చూశాం. వరసగా 12 విజయాలతో వెళ్తున్న విజేందర్ సింగ్‌ను 2021 మార్చిలో గోవాలో ఓ నౌక మీద రష్యా యువకుడు ఆర్టిష్ లోప్సాన్ అయిదో రౌండులో ఆపేశాడు. అప్పటికి లోప్సాన్ ఆడిందే ఆరు పోరాటాలు.

రాబోయే పెద్ద పోరు చూసేటప్పుడు గెలుపుల అంకె ఒక్కటే చూడకండి. రీచ్, తూకం, చివరిసారి ఎప్పుడు ఆడారు, ఈ శైలి వాణ్ని ఇంతకు ముందు ఎదుర్కొన్నారా అన్నవి ఓ కాగితం మీద రాసుకోండి. టీవీ శబ్దం తగ్గించి రౌండు రౌండుకూ మీ స్కోరు మీరే వేయండి. జేబు మాత్రం తీయొద్దు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఆన్‌లైన్ పందేలు చట్టవిరుద్ధం.