ఫిస్టులా చెయ్యి: ఊళ్లో అనుకునేది, అసలు సంగతి

డయాలసిస్ అనగానే అందరికీ మిషనే గుర్తొస్తుంది. ఆ మిషన్‌కు నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్ల రక్తం అందాలి. చేతిమీద కనిపించే మామూలు సిర అంత ఇవ్వలేదు. ధమనిలో జోరుంది గానీ అది లోతున ఉంటుంది, పదేపదే గుచ్చడం ప్రమాదం. అందుకే చిన్న ఆపరేషన్ చేసి ధమనిని పక్కనున్న సిరతో కలుపుతారు. అదే ఫిస్టులా. ధమని రక్తం తాకిడికి ఆ సిర లావై, గట్టిపడి, సూదులకు తట్టుకుంటుంది. 1965 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డాక్టర్ అపెల్ తొలి ఫిస్టులా చేశాడు. ఆలోచన ఆయన తోటి డాక్టర్లు సిమినో, బ్రెషాలది. అరవయ్యేళ్లు దాటినా నెల్లూరు జిల్లా కొడవలూరులాంటి చోట్ల దాని చుట్టూ అపోహలు తగ్గలేదు.

“చేతికి ఆపరేషన్ చేయించుకుంటే డయాలసిస్ పెట్టేస్తారు.”

అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసే మాట ఇదే. డయాలసిస్ ఎప్పుడన్నది ఆయాసం, వాంతులు, పొటాషియం, ఒంట్లో చేరిన నీరు చూసి నిర్ణయిస్తారు. చేతికి కుట్లు పడ్డాయని కాదు. ఫిస్టులా పెట్టుకుని నెలల తరబడి మందులతోనే నెట్టుకొచ్చేవాళ్లు ఉన్నారు. కొత్త ఫిస్టులా వెంటనే అక్కరకు రాదు. ఆరు వారాల నుంచి మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. డాక్టర్లు ‘ఆరు’ల లెక్క ఒకటి చెబుతారు: 6 వారాలప్పుడు చూస్తే సిర 6 మిల్లీమీటర్ల లావుండాలి, నిమిషానికి 600 మిల్లీలీటర్లు పారాలి, చర్మం కింద 6 మిల్లీమీటర్ల లోతు దాటకూడదు. కొన్ని అసలు ఎదగవు. బెలూన్ వేసి వెడల్పు చేయాలి, లేదా మరోచోట మళ్లీ చేయాలి. ఈ వ్యవధంతా కలుపుకుంటే, కిడ్నీల వడపోత ఎంతుందో చెప్పే ఈజీఎఫ్ఆర్ 15–20 మధ్యకు దిగి ఇంకా పడిపోతున్నప్పుడే సర్జన్ దగ్గరికి వెళ్లాలి. నారు సిద్ధం చేసుకోకుండా నాట్లకు కూలీలను పిలిచే రైతు కొడవలూరు చుట్టుపక్కల ఎవరూ ఉండరు గదా! ఆయాసంతో అర్ధరాత్రి నెల్లూరుకు పరుగెత్తితే ఇక మిగిలేది డయాలసిస్ కోసం మెడలో పెట్టే పైపే.

ఇందులో వ్యవస్థ తప్పూ ఉంది. మిషన్ ఎక్కాక రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను, ఎన్టీఆర్ వైద్యసేవ కింద డయాలసిస్ అందుతాయి. అంతకు ముందు ఏడాది అతన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

“నీరసంగా ఉంది, ఒక బాటిల్ ఎక్కించండి.”

దీన్ని అపోహ అని కూడా ఎవరూ అనుకోరు. కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి సెలైన్ ఎక్కిస్తే ఆ నీరు బయటికి పోక కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది. ఆ సంగతి అలా ఉంచినా, ముంజేతికో మోచేతి మడతలోనో సూది పెట్టిన ప్రతిసారీ సిర లోపలిపొర దెబ్బతింటుంది. గడ్డకట్టి గట్టిపడుతుంది. రేపు ఫిస్టులా కోసం సర్జన్ డాప్లర్ స్కాన్‌లో వెతికేది ఆ సిరనే. క్రియాటినిన్ పెరిగిందని తెలిసిన రోజు నుంచే ముంజేతిని కాపాడుకోవాలి. తప్పనిసరైతే అరచేతి వెనకవైపు గుచ్చమనాలి. కుడిచేతి వాటం ఉన్నవాళ్లు ఎడమ చేతిని ల్యాబ్‌వాళ్లకైనా, ఊళ్లో ఆర్‌ఎంపీకైనా ఇవ్వకూడదు. అడగడానికి మొహమాటపడాల్సిన పనిలేదు.

“మెడ పైపే హాయి, సూదుల బాధ ఉండదు.”

సూదుల బాధ లేని మాట నిజమే. కానీ ఆ పైపు కొస గుండె దగ్గర ఉంటుంది. క్రిములు చేరితే నేరుగా రక్తంలోకే. మామూలు మెడ పైపు రెండు వారాల అవసరానికి పెట్టేది. చర్మం కింద సొరంగంలా వేసే పర్మ్‌కాథ్ నెలలు నిలుస్తుంది గానీ దానికీ ఈ గండం ఉంది. నెల్లూరు ఎండల్లో చెమటకు కట్టు తడవకుండా చూసుకోవడమే ఒక పని. డయాలసిస్ మధ్యలో చలిజ్వరం వస్తే ఓర్చుకోకుండా సిబ్బందికి అప్పుడే చెప్పాలి. ఎక్కువ కాలం ఉంటే లోపలి పెద్ద సిర ఇరుకవుతుంది. తర్వాత ఆ వైపు ఫిస్టులా చేస్తే చెయ్యంతా వాస్తుంది. కాలర్ ఎముక కింద పెట్టే పైపుతో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అందుకే వీలైతే మెడకు కుడివైపే ఎంచుకుంటారు.

“ఆ చెయ్యి కదిలించకూడదు.”

గాయం మానాక డాక్టర్ చెప్పినట్టు మెత్తని బంతి నొక్కాలి. కూడనివి వేరే: వడ్ల బస్తా మోయడం, ఆ చేతిమీద తల పెట్టి పడుకోవడం, బిగుతు గాజులు, బీపీ పట్టీ. రోజూ లేవగానే ఫిస్టులా మీద వేళ్లు ఆనించి చూడండి. జివ్వుమనే కంపనం తెలియకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అడ్డుపడ్డ రక్తపు గడ్డను తీసి మళ్లీ నడిపించే అవకాశం ఆలస్యమైన కొద్దీ జారిపోతుంది. సూది పెట్టిన చోట రక్తం చిమ్మితే వేలితో సరిగ్గా అక్కడే గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి 108కి ఫోన్ చేయించాలి. తువ్వాలు చుడితే రక్తం కనబడదు, కానీ ఆగదు.

“ఫిస్టులాను మించింది లేదు, అందరికీ అదే.”

ఈ అపోహ చాలాకాలం వైద్యుల్లోనూ ఉండేది. అమెరికాలో 2003లో ‘ముందు ఫిస్టులా’ అంటూ ఉద్యమమే నడిపారు. అక్కడి కిడ్నీ నిపుణుల 2019 మార్గదర్శకాలు ఆ పట్టు సడలించి, ఏ మనిషికి ఏది తగునో ముందుచూపుతో ప్రణాళిక వేయమన్నాయి. సిరలు సన్నగా ఉంటే కృత్రిమ గొట్టంతో గ్రాఫ్ట్ వేస్తారు, రెండు మూడు వారాల్లో వాడొచ్చు. గుండె బలహీనంగా ఉన్న ఎనభయ్యేళ్ల పెద్దాయనకు పర్మ్‌కాథే మేలు కావచ్చు. త్వరలో కిడ్నీ మార్పిడికి దాత సిద్ధంగా ఉన్న కుర్రాడి లెక్క ఇంకోలా ఉంటుంది.