పిల్లలు పుట్టాక రాక్ క్లైంబింగ్ మానేయాలా?

చాలామంది నన్ను అడిగేది ఒకటే. "అక్కా, పాప పుట్టాక కూడా బండలెక్కుతున్నావా?" ఎక్కుతున్నా. కాకపోతే ముందులా కాదు. ఏం మారిందో ఇవాళ చెప్తాను.

ముందు ఒక సంగతి. మా పాపకి రెండేళ్ళప్పుడు, హైదరాబాద్‌లో ఖాజాగూడ గుట్టలకి పొద్దున్నే వెళ్ళాం. నేను, మా ఆయన, పాప. నేను బౌల్డరింగ్ చేస్తున్నా. అంటే తాడు లేకుండా, కింద మందపాటి ప్యాడ్ వేసుకుని, మరీ ఎత్తు లేని బండ ఎక్కడం. మా ఆయన పాపకి నీళ్ళు తాగించి బాటిల్ మూత పెడుతున్నారు. ఆ కాస్త టైమ్‌లోనే పాప పరిగెత్తుకొచ్చి ప్యాడ్ మీద కూర్చుంది. పైన నా వేళ్ళు జారిపోతున్నాయి. పడితే దాని మీదే పడతాను. మా ఆయన ఒక్క గెంతులో వచ్చి పాపని లాగేశారు, వెంటనే నేను పడ్డాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ రోజు ఇంకో రాయి ముట్టుకోలేదు.

తప్పు పాపది కాదు. దాని కంటికి ప్యాడ్ అంటే పరుపే కదా! తప్పు మాది.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒకటే రూల్. ఎవరు ఎక్కాలన్నది తర్వాత, పిల్లని ఎవరు చూడాలన్నది ముందు. తాడుతో ఎక్కేటప్పుడు ఇది ఇంకా ముఖ్యం. కింద తాడు పట్టుకునే మనిషిని బిలేయర్ అంటారు. పైవాళ్ళు జారితే ఆపేది ఆ మనిషే. "కాస్త పాపని కూడా చూస్తుండు" అని బిలేయర్‌కి చెప్పామంటే రెండు ప్రాణాలతో ఆడుకున్నట్టే. అందుకే కనీసం ముగ్గురు పెద్దవాళ్ళు ఉండాలి. ఎక్కడానికి ఒకరు, తాడుకి ఒకరు, పిల్లకి ఒకరు. మేం ఇంకో జంటతో కలిసి వెళ్తాం, వంతులేసుకుంటాం.

ఇక పిల్లని ఎక్కడ కూర్చోబెట్టాలి? బండ మొదట్లో అస్సలు వద్దు. పైనుంచి రాళ్ళు రాలొచ్చు, చేతిలోని సామాన్లు జారొచ్చు. దూరంగా నీడలో కూర్చోబెట్టండి. ముందు చుట్టూ చూసుకోండి, మన గుట్టల్లో తేనెతుట్టెలు, తేళ్ళు, పాములు మామూలే. పిల్లలు "నేనూ ఎక్కుతా" అంటే హెల్మెట్‌తో పాటు ఒళ్ళంతా పట్టి ఉంచే ఫుల్ బాడీ హార్నెస్ వేయండి. చిన్నపిల్లలకి నడుము సన్నం, తుంటి సరిగ్గా ఉండదు. తలకిందులైతే నడుముకి కట్టే మామూలు హార్నెస్‌లోంచి జారిపోయే ప్రమాదం ఉంది.

కొత్తగా అమ్మ అయినవాళ్ళకి ఒక మాట. కాన్పు తర్వాత పొట్ట, కటి కండరాలు కోలుకోవడానికి టైమ్ పడుతుంది. డాక్టర్ సరే అన్నాకే, బాగా తేలికైన వాటితో మొదలుపెట్టండి. పాత గ్రేడ్ ఎక్కడికీ పోదు.

టైమ్ సంగతంటారా, వారమంతా దొరకదు. పాప నిద్రపోయాక, వేళ్ళు బాగా వేడెక్కించుకుని, గుమ్మం పైన బిగించిన బోర్డు పట్టుకుని ఇరవై నిమిషాలు వేలాడతాను. నెలకి రెండు ఆదివారాలు గుట్టలకి. అంతే.

చివరిగా, "తల్లివి, నీకెందుకమ్మా ఇదంతా?" అని నన్ను అడుగుతారు. మా ఆయన్ని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఈ ప్రశ్న పాతదే. బ్రిటన్‌కి చెందిన ఆలిసన్ హార్‌గ్రీవ్స్ 1995 మేలో, సీసా ఆక్సిజన్ లేకుండా, షెర్పాల సాయం లేకుండా ఎవరెస్ట్ ఎక్కారు. అదే ఏడాది ఆగస్టులో కే2 శిఖరం నుంచి దిగుతూ తుఫానులో చనిపోయారు. అప్పటికి బాబుకి ఆరేళ్ళు, పాపకి నాలుగేళ్ళు. ఇద్దరు పిల్లల తల్లి అలా వెళ్ళొచ్చా అని పత్రికల్లో పెద్ద చర్చే నడిచింది. పర్వతాల్లో చనిపోయిన తండ్రుల గురించి అంత చర్చ జరగదు.

రిస్క్ ఎంత తీసుకోవాలన్నది అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే అమ్మనీ నాన్ననీ ఇద్దర్నీ అడగాలి. మేమిద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఎత్తైన బండలు తాడు లేకుండా ఎక్కడం ఇద్దరం మానేశాం. మిగతాది మానలేదు.

మీరూ వెళ్ళేముందు కూర్చుని మాట్లాడుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!