మీకు తెలుసా? 17 డాలర్ల గిటార్

ఆడవాళ్లు వయసు తగ్గించి చెబుతారని మగవాళ్లు అరిగిపోయిన జోకు వేస్తుంటారు. అమెరికాలో ఒక గాయని నిజంగానే ఆ పని చేసింది. ఒకరిద్దరికి కాదు, దేశమంతటికీ చెప్పింది. పదమూడేళ్లకే తనకు పెళ్లయిందని 1976లో వచ్చిన ఆత్మకథలో రాసుకుంది. నాలుగేళ్ల తర్వాత వచ్చిన సినిమాలోనూ అదే చూపించారు. జనం నమ్మారు, జాలిపడ్డారు. 2012లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ కెంటకీ రాష్ట్రంలోని పాత రికార్డులు తిరగేసింది. పుట్టింది 1932 ఏప్రిల్ 14న, పెళ్లి 1948 జనవరి 10న. లెక్క వేసుకోండి, దాదాపు పదిహేనేళ్ల తొమ్మిది నెలలు! పదిహేనైనా పసితనమే లెండి.

ఆమె పేరు లొరెట్టా లిన్. కంట్రీ సంగీతం అంటే అమెరికా దక్షిణాది పల్లెల్లో, కొండల్లో పుట్టిన పాట. చర్చిలో పాడుకునేవి, సారా దుకాణంలో పాడుకునేవి, కూలి చేసుకుంటూ పాడుకునేవి అన్నీ అందులో కలిసిపోయాయి. ఆ పాటకు రాణి అనిపించుకున్న వాళ్లలో లొరెట్టా ఒకరు.

పుట్టిన ఊరు బుచర్ హాలో. ఊరనడం ఎక్కువే, రెండు కొండల నడుమ ఇరుకు లోయ. తండ్రి టెడ్ వెబ్ బొగ్గు గని కార్మికుడు. ఎనిమిది మంది పిల్లల్లో లొరెట్టా రెండోది. చెక్క గుడిసె గోడలకు తల్లి పాత పత్రికల కాగితాలు అంటించేది. వాటిలో సినిమా తార లొరెట్టా యంగ్ బొమ్మలుండేవి. పిల్లకు ఆ పేరే పెట్టింది. కొత్తగూడెం, ఇల్లందు వైపు పెరిగిన వాళ్లకు గనిలో దిగిన నాన్న ఇంటికి ఎలా వస్తాడో చెప్పనక్కర్లేదు. టెడ్ వెబ్ ఊపిరితిత్తుల్లోనూ ఆ బొగ్గు దుమ్మే చేరింది. 1959లో ఆయన పోయాడు. కూతురి మొదటి రికార్డు ఆ మరుసటి ఏడాది వచ్చింది.

ఇక పెళ్లి సంగతి. అక్కడి బళ్లలో ‘పై’ వేలం అని ఒక వేడుక చేసేవారు. గోధుమపిండి రొట్టెలో తీపి ముద్ద పెట్టి కాల్చిన వంటకాన్ని ఆడపిల్లలు ఇంటి నుంచి చేసి తెస్తారు. కుర్రాళ్లు పాట పాడి కొంటారు. ఎవరు కొంటే వాళ్లతో ఆ పిల్ల కబుర్లు చెప్పాలి. లొరెట్టా చాక్లెట్ పెట్టి చేసింది. యుద్ధం నుంచి వచ్చిన ఇరవై ఒక్కేళ్ల ఆలివర్ లిన్ పాట పెంచుకుంటూ పోయి అది గెలుచుకున్నాడు. నోట్లో పెట్టుకున్నాక తెలిసింది, పంచదార బదులు ఉప్పు వేసిందని. ఈ ముచ్చట ఆమే చెప్పుకుంది. ఉప్పు తిన్నవాడు ఊరుకుంటాడా, కొద్ది వారాల్లో పెళ్లి చేసుకున్నాడు. అతన్ని ఊళ్లో అందరూ ‘డూ’ అనేవారు.

పెళ్లయిన ఏడాదే ఇద్దరూ దేశానికి ఆ కొసన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలోని కస్టర్ అనే పల్లెకు వెళ్లిపోయారు. అక్కడ ఆమె ఇల్లు చూసుకుంటూ, నలుగురు పిల్లల్ని కని పెంచింది. వాళ్లను నిద్రపుచ్చుతూ పాడుతుంటే డూ విన్నాడు. 17 డాలర్లు పెట్టి సియర్స్ దుకాణం నుంచి హార్మొనీ గిటార్ తెచ్చిచ్చాడు. నేర్పేవాళ్లు లేరు. తనంతట తానే మీటుకుంటూ నేర్చుకుంది, తనంతట తానే పాటలు కట్టింది. ఈ డూ బాగా తాగేవాడు, పరాయి ఆడవాళ్ల వెంట తిరిగేవాడు. కానీ తన భార్య గొంతు లోకం వినాలని మొదట అనుకున్నదీ వాడే. మనిషిని ఒక గాటన కట్టేయలేం.

అదే రాష్ట్రంలోని టకోమాలో టీవీలో ఆమె పాడటం చూసి నార్మ్ బర్లీ అనే కలప వ్యాపారి డబ్బు పెట్టాడు. కంపెనీ పేరు ‘జీరో రికార్డ్స్’. పేరులోనే సున్నా ఉంది, చేతిలోనూ దాదాపు అంతే. 1960 ఫిబ్రవరిలో హాలీవుడ్‌లో ‘ఐయామ్ ఎ హాంకీ టాంక్ గర్ల్’ రికార్డు చేశారు. పంచిపెట్టేవాడేడీ? డూ తనే ఆమె ఫొటో తీశాడు. రికార్డులూ ఫొటోలూ కట్టలు కట్టి 3,500 దాకా రేడియో స్టేషన్లకు పోస్టు చేశారు. అది చాలదని కారెక్కారు. రాత్రి పడక కారులోనే, తిండి రొట్టెల మధ్య మాంసం ముక్క, చీజు. దారిలో రేడియో టవరు కనిపిస్తే ఆగడం, లోపలికి పోయి కొత్త రికార్డు తెచ్చాం, వేయండని అడగడం. అలా తిరుగుతుండగానే ఆ పాట బిల్‌బోర్డ్ కంట్రీ పట్టికలో 14వ స్థానానికి చేరింది. ఇప్పుడు యూట్యూబ్‌లో పాట పెట్టి లైకు కొట్టమని బతిమాలే కుర్రాళ్లకు ఈ కథ కొత్తగా ఏమీ అనిపించదు. పెట్రోలు ఖర్చు ఒక్కటే తేడా.

మన సినిమావాళ్లకు ఒకప్పుడు మద్రాసు ఎలాగో, కంట్రీ పాటగాళ్లకు నాష్‌విల్ అలాగ. అక్కడి ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ రేడియో వేదిక ఎక్కితే నిలబడ్డట్టే. 1960 అక్టోబరులో లొరెట్టా ఎక్కింది. ఆ రాత్రి గురించి ఆమెకు ఒక్కటే గుర్తుండిపోయింది, కాలితో తాళం వేయడం!

మరుసటి ఏడాది అప్పటి పెద్ద గాయని ప్యాట్సీ క్లైన్ కారు ప్రమాదంలో గాయపడి ఆసుపత్రిలో ఉంది. లొరెట్టా ఒక రేడియో కార్యక్రమంలో ప్యాట్సీ పాటే పాడి ఆమెకు అంకితమిచ్చింది. మంచం మీద పడుకుని విన్న ప్యాట్సీ, ఆ పిల్లను తీసుకురమ్మని భర్తను పంపింది. అలా స్నేహం కుదిరింది. 1963లో విమాన ప్రమాదంలో ప్యాట్సీ పోయింది. మరుసటి ఏడాది లొరెట్టాకు కవల ఆడపిల్లలు పుడితే ఒకరికి ప్యాట్సీ అని పేరు పెట్టుకుంది.

ఆ తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. తాగి ఇంటికి రావద్దని మొగుడికి చెప్పే పాటతో 1967లో మొదటిసారి పట్టికలో ఒకటో స్థానం. ఆ మొగుడెవరో వేరే చెప్పాలా? 1970లో ‘కోల్ మైనర్స్ డాటర్’ పాట వచ్చింది. మొదట రాసింది చాలా పొడుగు, చరణాలు కొన్ని కోసెయ్యమన్నాడు నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ. 1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ‘ఎంటర్‌టైనర్ ఆఫ్ ద ఇయర్’ పురస్కారం ఆమెకిచ్చింది. అంతకుముందు ఏ ఆడమనిషికీ అది దక్కలేదు. గర్భనిరోధక మాత్ర మీద కట్టిన ‘ద పిల్’ను 1972లోనే రికార్డు చేసినా కంపెనీ మూడేళ్లు అటకెక్కించింది. 1975లో బయటికొస్తే బోలెడన్ని స్టేషన్లు వేయబోమన్నాయి. ఆరుగురు పిల్లల్ని కన్న తల్లి పాడితే అది ఊహలోంచి వచ్చిన పాటని ఎవరంటారు?

మొదట చెప్పిన ఆ 1980 సినిమాలో లొరెట్టాగా వేసిన సిస్సీ స్పేసెక్ పాటలన్నీ తనే పాడుకుని ఆస్కార్ అందుకుంది. ఫొటోలు చూసి ఆ నటిని ఎంచింది లొరెట్టానే. అసలు మనిషి 2022 అక్టోబరు 4న టెనెసీలోని హరికేన్ మిల్స్‌లో తన ఇంట్లోనే, 90 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

వీలైతే ఆ 1960 నాటి మొదటి పాట ఒకసారి వినండి. వెనకాల స్టీల్ గిటార్ వాయించింది స్పీడీ వెస్ట్, అప్పటికే హాలీవుడ్‌లో పేరున్న చెయ్యి. ఆయన పక్కన ఆ కొండపిల్ల గొంతు ఎక్కడైనా తడబడిందేమో మీరే చెప్పండి.