మీకు తెలుసా? క్యాబినెట్‌లో ఇన్ని వింతలా!

ఇంట్లో సొంతంగా కంప్యూటర్ బిగించుకుంటున్నారా? ప్రాసెసర్ గొప్పలు తర్వాత! ముందు క్యాబినెట్, దాని లోపల కూర్చుని కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌ల ముచ్చట్లు వినండి!

ఏటీఎక్స్ మదర్‌బోర్డు కొలతలు ఎప్పటివో చెప్పగలరా? ఇంటెల్ 1995లో ఖరారు చేసినవి! ప్రాసెసర్లు తరాలు తరాలుగా మారిపోయాయి. మరలు బిగించే రంధ్రాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి! అంటే మీ పాత ఏటీఎక్స్ క్యాబినెట్‌లో కొత్త బోర్డు హాయిగా కూర్చుంటుంది. గ్రాఫిక్స్ కార్డు పొడవు మాత్రం ముందే కొలుచుకోండి!

ఇక అసలు వింత! గోడ ప్లగ్గులో వచ్చేది 230 వోల్టులు. కంప్యూటర్‌కు ముఖ్యంగా కావాల్సింది 12. మరి ఎస్‌ఎంపీఎస్ వెంటనే తగ్గించేస్తుందా? లేదు, ముందు పెంచుతుంది! ఇప్పటి మంచి ఎస్‌ఎంపీఎస్‌ల లోపల వోల్టేజీ దాదాపు 380కి ఎక్కుతుంది. ఆ తర్వాతే కిందికి దిగుతుంది! ప్లగ్గు పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో ప్రమాదకరమైన ఛార్జి మిగిలి ఉండొచ్చు. లోపల ఏముందో చూద్దామని మూత విప్పకండి. వద్దే వద్దు!

ఆ కెపాసిటరే మనల్ని కాపాడుతుంది కూడా! కరెంటు ఒక్క క్షణం తడబడితే, సుమారు 16 మిల్లీసెకన్లు అదే బండి లాగుతుంది. రెప్ప వాల్చేంత సేపు కూడా కాదు! అయినా ఆమాత్రానికే కంప్యూటర్ ఆగకుండా గట్టెక్కుతుంది.

750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ 1500 వాట్లు ఇవ్వగలదా? ఇవ్వగలదు! 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం అడిగేది అదే. సెకనులో పదివేలో వంతు సేపు రెట్టింపు భారం మోయాలి! పెద్ద గ్రాఫిక్స్ కార్డులు అలా ఉన్నట్టుండి గుంజుతాయి మరి!

పెద్ద ఎస్‌ఎంపీఎస్ పెడితే బిల్లు పేలిపోతుందనుకుంటున్నారా? భయం వద్దు! పెట్టె మీది అంకె అది ఇవ్వగలిగినంత. లాగేది మీ పనికి కావాల్సినంతే! అసలు చూడాల్సింది సామర్థ్యం. 80 శాతం సామర్థ్యంతో 400 వాట్లు ఇవ్వాలంటే గోడ నుంచి 500 లాగాలి. ఆ తేడా 100 వాట్లూ వేడిగా పోతాయి!

క్యాబినెట్ ఫ్యాన్లలో పెద్దదే మేలు! 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ కంటే 120 మిల్లీమీటర్లదాని వైశాల్యం రెండింతల పైమాటే. నెమ్మదిగా తిరిగినా గాలి సరిపోతుంది. చప్పుడూ తగ్గుతుంది!

చివరిగా ఒక రహస్యం! చవక క్యాబినెట్‌తో పాటే ఎస్‌ఎంపీఎస్ ఇస్తున్నారా? స్టిక్కర్ మీద 450 అని ఉంటే మురిసిపోకండి. 12 వోల్టుల గడిలో ఆంపియర్లు చూడండి. 20 అని ఉంటే? 12తో గుణించండి. 240 వాట్లే! ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ముఖ్యంగా బతికేది ఆ 12 వోల్టుల మీదే. డబ్బులు ఇచ్చే ముందే, దుకాణంలోనే ఈ లెక్క వేసుకోండి!